మోటారు బావలో అక్క వాటా

బావ అంటే అక్క మొగుడు కావాలి. ఆ వీధిలో మాత్రం లెక్క తిరగబడింది. మోటార్లు బాగుచేసే మేస్త్రిని ముందు బావని చేసుకుని, ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిణ్ణి అక్కని చేశారు. ముసలివాళ్ళకీ ఆయన బావే, వాళ్ళ మనవలకీ బావే. వరసలు కలవకపోతే అది వరసల తప్పు.

ఆయన పోయిన నెలకి వీధి చివర హాల్లో సంతాపసభ పెట్టారు. కుర్చీలు చాలక పక్కవీధి నుంచి బల్లలు మోసుకొచ్చారు. మాట్లాడిన ప్రతివాడూ "బావకి నేనంటే ప్రాణం" అనే మొదలుపెట్టాడు. రొట్టెల కొట్టాయన అన్నాడు, బస్సు కండక్టరు అన్నాడు, బావతో ఎప్పుడూ పేచీ పడే రంగుల మేస్త్రి కూడా సిగ్గులేకుండా అన్నాడు.

ముందు వరసలో కూతురి పక్కన కూర్చున్న అక్కకి గర్వంతో గుండె నిండిపోయింది. ఇంతమంది మంత్రిగారు పోయినా రారు. కానీ ఆ నిండిన గుండెలోనే, ఎవరికీ చెప్పుకోలేని బెంగ ఒకటి ముల్లులా కదులుతోంది. అందరికీ ఇంతింత పంచిపెట్టిన మనిషి, తనకంటూ విడిగా ఏం మిగిల్చాడు?

ఇల్లు పట్టనివాడని కాదు. కూతురికి బడికెళ్ళినన్నాళ్ళూ జడలు వేసింది ఆయనే. వేస్తూ కూడా కిటికీలోంచి ఎవరితోనో కబుర్లాడేవాడు. అందుకే పిల్ల జడ ఎప్పుడూ కిటికీ వైపుకే వంకర పోయేది.

పనిలోనూ అదే పద్ధతి. మోటారు విప్పాడంటే ఆ ఇంటివాళ్ళెవరైనా టార్చి పట్టుకుని నిలబడాల్సిందే, పట్టపగలైనా సరే. "దీపం పట్టేవాళ్ళు లేకపోతే నాకు చెయ్యి ఆడదు" అనేవాడు. అసలు ఆడేది నోరు. టార్చి పట్టిన పుణ్యాత్ములు ఇంటిగుట్టంతా కక్కేసేవారు. ఈయన వింటూ రాగితీగ చుట్టి, మోటారుతో పాటు మొగుడూ పెళ్ళాల తగువు కూడా సరిచేసి వచ్చేవాడు.

చివరికి బడి మాస్టారు లేచాడు.

"నేనూ టార్చి పట్టానండీ. పట్టినప్పుడల్లా బావది ఒకటే కథ. ఒక ఎండాకాలం మన వీధి బోరు మోటారు బిగుసుకుపోయి, ఎవరివల్లా కాకపోతే, అక్కయ్యగారు వచ్చి ఇలా చెయ్యి వేశారట. అంతే, గిర్రున తిరిగిందట! మా ఇంట్లో అసలు మేస్త్రి మా ఆవిడే అని మురిసిపోయేవాడు."

"మాకూ చెప్పాడు!" "మాకూనూ!" అని హాలంతా గోల.

అక్క తెల్లబోయింది. ఈ కథ ఆమె వినడం ఇదే మొదలు.

"చెయ్యా?" అని పైకే అనేసింది. మాస్టారు మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టేశాడు. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి, లేచి కొంగు సర్దుకుంది.

"చెయ్యి కాదండీ. కాలు."

వెనక బల్లల మీదవాళ్ళు మెడలు సాచారు.

"ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. పొయ్యి మీద వంట సగంలో ఆగిపోయింది. ఏమైందో చూద్దామని పంపుగదికి వెళ్తే, మోటారు తిరగక మూలుగుతోంది, ఈయనేమో తల కిటికీలోంచి బయటపెట్టి ఎవరికో పెళ్ళి సంబంధం చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని తన్నలేక దాన్ని తన్నాను. పట్టేసింది కాస్తా వదిలి, తిరిగేసింది."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అక్క నవ్వలేదు.

"అప్పుడు వెనక్కి తిరిగాడు. ఎన్ని తిట్లు తినాలో అని బిక్కచచ్చిపోయాను. ఆ మనిషి మోటారు వంక చూడనైనా చూడలేదు. కింద కూర్చుని నా కాలి వేలు చేత్తో పట్టుకుని, దెబ్బ తగిలిందా అని చూశాడు. కబుర్లు లేవు, ఒక్క మాట లేదు. ఆయన నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే. ఆ తర్వాత బయటికొచ్చి మీ అందరికీ చెయ్యి అని చెప్పాడన్నమాట. మోటారుని తన్నిన ఆడదని నన్నెవరూ అనకూడదని." ఆమె తల వంచలేదు. "ఆయన నా మొగుడండీ."

మైకు ఇచ్చేసి వచ్చి కూర్చుంది. కూతురు కళ్ళు తుడుచుకుంటూ చెవిలో అడిగింది.

"ఏ వేలమ్మా?"

"అది నీకెందుకే?" అని, అక్క పాదాలు రెండూ చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.