మూడో పాట

"ఇదెలా ఉంది?" అని ముందుగదిలోంచి హార్లన్ కేకేశాడు.

వెర్లీన్ సింకు నిండా నీళ్ళు పట్టి కొలార్డ్ ఆకుకూర కడుగుతోంది. ఆ ఆకు ఎంత కడిగినా ఇసుక ఓ పట్టాన వదలదు. శనివారం కడిగి పంది ముక్కతో ఉడకేసి పెడితే తప్ప, ఆదివారం చర్చి నుంచి రాగానే అత్తగారి ముందు కంచం పెట్టడం కుదరదు. "మూడో ట్రంపెట్ పిల్లాడికి ఆ పైస్వరం అందదు," అంది చేతులు నీళ్ళలోంచి తియ్యకుండానే. రికార్డు మీంచి ముల్లు లేపిన చప్పుడు, ఇంకో రికార్డు పెట్టిన చప్పుడు. "పోనీ ఇదో?" "ఇది బావుంది. కొంచెం నెమ్మది చేస్తే మన వెండెల్ డ్రమ్స్ మీద మోసుకుపోగలడు. అట్టే పెట్టు." అట్టే పెట్టాడు.

జనవరి శనివారాలన్నీ ఆ ఇంట్లో ఇలాగే తెల్లారతాయి. ఏప్రిల్లో కేన్సస్ సిటీ హైస్కూళ్ళ జాజ్ బ్యాండ్లకి పోటీలు. ఒక్కో బ్యాండూ మూడు పాటలు వాయించాలి. హార్లన్ పెటిఫోర్డ్ గారి బ్యాండు వాయించే ఆ మూడు పాటలూ తేలేది స్కూల్లో కాదు, ఈ వంటింట్లో, సింకుకీ స్టవ్వుకీ మధ్య. ఆయనగారు సోఫాలో కాళ్ళు చాపుకుని రికార్డులు మారుస్తూ ఉంటాడు, ఈవిడ ఆకు కడుగుతూనో మాంసం కోస్తూనో వద్దనో సరేననో చెబుతూ ఉంటుంది. పైవాళ్ళెవరైనా చూస్తే మొగుడు పాటలు వింటున్నాడు, పెళ్ళాం వంట చేస్తోంది అనుకుంటారు. నిజమే కదా, చూడ్డానికి అంతే.

ఆ రికార్డులు ఊరికే వచ్చేవే. పాటల కాగితాలు అమ్మే కంపెనీలవాళ్ళు బ్యాండు మాస్టార్లకి నమూనాగా పంపిస్తారు. బ్యాండు మాస్టార్లందరూ బోల్తా పడేది కూడా అక్కడే. రికార్డు మీద వాయించేవాళ్ళు జీతాలు తీసుకుని అదే పనిగా వాయించే మొనగాళ్ళు. వాళ్ళ చేతిలో పడితే పిల్లి కూత కూడా తూగే స్వింగ్ పాటైపోతుంది. అది విని, అబ్బ, ఎంత బావుందో అని కొనేసి, తీసుకెళ్ళి పదిహేనేళ్ళ పిల్లల ముందు పెడతారు. ఆ తర్వాత ఏప్రిల్ దాకా పిల్లల్ని తిడుతూ కూచుంటారు. వెర్లీన్ రికార్డుని రికార్డుగా వినదు. ఆ పాటే తమ పిల్లలు వాయిస్తే ఎలా ఉంటుందో వింటుంది. ఎవడికి ఎక్కడ ఊపిరి చాలదు, ఎవడు ఎక్కడ పరిగెడతాడు, ఎవతి ఎక్కడ సిగ్గుపడి చప్పుడు తగ్గించేస్తుంది, అన్నీ ఆ నీళ్ళ చప్పుడులో కూడా వినిపిస్తాయి ఆమెకి. వినిపించక ఏం? హార్లన్ చదివిన కాలేజీలోనే చదివింది, అదే బ్యాండులో పియానో వాయించింది. చదువయ్యాక అతనికి హైస్కూలు బ్యాండు వచ్చింది, ఈమెకి చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పే పని వచ్చింది. ఆ పని అయిపోగానే హైస్కూలుకి వెళ్ళి, జీతం బత్తెం లేకుండా, అతని బ్యాండుకి పియానో మీద కూచుంటుంది. పియానో వాయించే పిల్లలు దొరకరు కదా అంటాడు హార్లన్. ఎవరినైనా తయారు చేద్దామంటే, నువ్వుండగా ఎందుకూ అంటాడు.

కిందటేడు పోటీల్లో జడ్జి ఒకాయన మైకు పట్టుకుని మరీ మెచ్చుకున్నాడు. "పిల్లలకి సరిపోయే పాటలు ఎంచడమే సగం విద్య. అది మిస్టర్ పెటిఫోర్డ్ దగ్గర నేర్చుకోవాలి" అన్నాడు. హార్లన్ తల వంచి, "ఏదో, ఇన్నేళ్ళ వినికిడి" అన్నాడు. వెర్లీన్ పియానో దగ్గర్నుంచి వచ్చి, ఒళ్ళో అందరి కోట్లూ పెట్టుకుని మూడో వరసలో చప్పట్లు కొట్టింది. కారెక్కాక, "నీ పేరు చెబుదామనే అనుకున్నాను వెర్లీన్, టైమిచ్చారు కాదు" అన్నాడు. వెనకసీట్లోంచి అత్తగారు, చర్చిలో అందరూ మదర్ పెటిఫోర్డ్ అని పిలిచే మహాతల్లి, "ఇంట్లో సంగతులు మైకులో చెబుతారా ఎవరైనా? అలా అయితే వాడి చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో కూడా చెప్పాలి" అంది. హార్లన్ నవ్వాడు. వెర్లీన్ కూడా నవ్వింది. నవ్వి, ఇంటికొచ్చి, అతను విప్పిన ఆ చొక్కా ఉతుకుడు బుట్టలో వేస్తుంటే మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద? నవ్విన తన మీదే.

"ఏమిటీ, వింటున్నావా?" హార్లన్ గుమ్మంలోకి వచ్చి నుంచున్నాడు. "రెండు పాటలు కుదిరాయి. మూడోది నేను తేల్చేశాను. విను." లోపలికెళ్ళి పెట్టాడు. గుండెల్లో గుర్రాలు పరిగెత్తినట్టుంది. అంత వేగం. ట్రంపెట్లు ఒకదాని మీద ఒకటి పడి అరుస్తున్నాయి. బావుంది, కాదని ఎవరంటారు? కానీ వెర్లీన్‌కి అందులో వెండెల్ చేతులు రెండో పేజీలోనే బిగుసుకుపోవడం వినిపించింది. ఆపైన ఒకరి వెనక ఒకరు పడిపోవడం వినిపించింది.

"ఇది వద్దు హార్లన్. నిన్న పక్కన పడేశావే, ఆ నెమ్మది బ్లూస్, అది పెట్టు. మధ్యలో ట్రాంబోన్‌కి సోలో ఉంది. రోవీనా కోసమే రాసినట్టుంది."

"ఆడపిల్లా? ట్రాంబోన్ మీద సోలోనా, పోటీలోనా?" అని నవ్వాడు. "నది అవతలి హైస్కూళ్ళవాళ్ళు నిప్పులు కురిపిస్తూ వాయిస్తుంటే, మనం శవాన్ని మోసుకెళుతున్నట్టు వాయించాలా?"

"వేగంగా వాయించేటప్పుడు తప్పులన్నీ దుమ్ములో కొట్టుకుపోతాయి. నెమ్మదిగా వాయించేటప్పుడు దాక్కోడానికి చోటుండదు. నెమ్మదిలో తూగు తెప్పించినవాళ్ళే బ్యాండు. ఆ మాట నీకు తెలియదా?"

"అది ఆడవాళ్ళ నడక వెర్లీన్. నీ చెవి మంచిదే, కాదనను. కానీ చెవి నీదైనా చెయ్యి నాది. అక్కడ నుంచునేది నేను." ఆ మాట చాలా ప్రేమగా అన్నాడు. ఆమె తడిచేతి మీద తట్టి మరీ వెళ్ళాడు. అదే ఆమెకి మరీ కష్టంగా అనిపించింది. తిట్టినా బావుండేది, తిరిగి అనడానికి వీలుండేది.

ఫిబ్రవరి అంతా ఆ మూడో పాట పిల్లల్ని నమిలేసింది. మొదలుపెట్టినంతసేపు పట్టలేదు కుప్పకూలడానికి. హార్లన్ మొదట వెండెల్ని తిట్టాడు, చేతులకి ఏమొచ్చిందిరా అన్నాడు. తర్వాత ట్రంపెట్లని తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోతే ట్రాంబోన్ల వైపు తిరిగాడు. "రోవీనా, నువ్వు ప్రతిసారీ ఆలస్యం. పెళ్ళివారింటికి అలంకరించుకుని వస్తున్నావా?" మగపిల్లలు పకపకా నవ్వారు. రోవీనా నవ్వలేదు. పొడుగాటి పిల్ల, మాట తక్కువ, నాన్న వాయించి వదిలేసిన ట్రాంబోన్‌తో బళ్ళోకి వచ్చింది. "మిసెస్ పెటిఫోర్డ్, ఈ పిల్లని కాస్త పక్కకి తీసుకెళ్ళి బాగుచెయ్యండి" అన్నాడు హార్లన్. అందరి ముందూ 'అండి' అంటాడు, అదో మర్యాద.

వెర్లీన్ రోవీనాని యూనిఫారాలు వేలాడదీసే గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు వెయ్యగానే ఆ పిల్ల, "నేను ఆలస్యం కాదు మేడం. వాళ్ళు పరిగెడుతున్నారు" అంది.

"తెలుసమ్మా."

"తెలిసి మరి ఎందుకు చెప్పరు?"

వెర్లీన్ ఏదో సర్దిచెప్పబోయింది కానీ ఆ పిల్ల ఆగలేదు. "కిందటేడు పాటలు మమ్మల్ని కొలతలు తీసి కుట్టినట్టుండేవి మేడం. నాకు ఏ స్వరం తేలికో, నేను ఎక్కడ భయపడతానో సారుకి తెలుసు అనుకున్నాను. ఎంత బాగా విన్నారో మమ్మల్ని అని మా ఇంట్లో చెప్పాను కూడా. ఇప్పుడు ఈ పాట ఇచ్చారంటే... మేమంటే విసుగొచ్చిందా సారుకి? లేకపోతే నేనే పాడైపోయానా? సారు ఎంచినదాంట్లో తప్పుండదు కదా, తప్పు మాలోనే ఉండుండాలి." అప్పటిదాకా గట్టిగా ఉన్న పిల్ల, ఆ ఆఖరి మాట దగ్గర కళ్ళు తుడుచుకుంది. "ఈ ఏడాదితో మానేద్దామనుకుంటున్నాను."

వెర్లీన్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళూ తను నోరు మూసుకుంటే పోయేది తన పేరొక్కటే అనుకుంది. పోతే పోయిందిలే, ఇంట్లో గొడవ లేకుండా ఉంటే చాలు అనుకుంది. ఆ పేరు వెనక ఇంతమంది పిల్లలు నుంచుని ఉన్నారని తట్టలేదు. తమని విన్నది ఎవరో తెలియక, విననివాడి మాట పట్టుకుని, తప్పంతా తమలోనే ఉందనుకుంటున్నారు చూడు. తన ఓర్పు ఎవరికి మేలు చేసింది? హార్లన్‌కి తప్ప ఇంకెవరికి? అతనికి మాత్రం ఏం మేలు చేసిందని! అతను కూడా ఆ జడ్జి మాట నమ్మేశాడు. నిజంగానే తనకి చెవి ఉందనుకున్నాడు. అలా అనుకునేలా చేసింది ఎవరు?

ఆ రోజు ఆ పిల్లతో ఆమె చెప్పింది ఒకటే మాట. "మానకు. నాకు కొన్నాళ్ళు టైమివ్వు." ఆ వారమే కంపెనీకి రాసి ఆ నెమ్మది బ్లూస్ కాగితాలు తెప్పించి, హార్లన్‌కి ఆ మాట చెప్పి ఊరుకుంది.

మార్చి మొదట్లో హార్లన్ దిగొచ్చాడు. ఆదివారం భోజనాల దగ్గర, మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు మొహం పెట్టి, "ఆ నెమ్మది బ్లూస్ కాగితాలు తెప్పించావన్నావు కదూ, రేపు పట్రా" అన్నాడు. వెర్లీన్ గుండె ఒక్కసారి తేలికైంది. గెలిచానే అనుకుంది. అంతలోనే అతను, "పిల్లలకి నేను చెప్పుకుంటాలే. ఈ వేగం పాట మీ చేతులు సాగడానికిచ్చాను, అసలు పాట దాచి ఉంచాను అంటాను. వాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది" అన్నాడు.

అత్తగారు గ్రేవీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ, "చూశావా, ఎప్పుడు ఏది ఇవ్వాలో వాడికి తెలుసు" అంది.

వెర్లీన్ చేతిలోది కంచంలో పెట్టేసింది. మంచి పేరే కాదు, చేసిన తప్పు కూడా వదలడన్నమాట. తప్పు కూడా తీసుకెళ్ళి తన గొప్పలో కలిపేసుకుంటాడు. ఇప్పుడు ఊరుకుంటే పాట గెలుస్తుంది. రోవీనా సోలో కూడా వాయిస్తుంది. వాయించి, సారు ఎంత బాగా విన్నారో అని మళ్ళీ ఇంట్లో చెబుతుంది. కావలసింది వచ్చేసింది కదా, ఇంకా ఏం కావాలే నీకు అని తనని తనే అడుక్కుంది. రాత్రంతా ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. నోరు విప్పితే ఏమవుతుందో కూడా ఆలోచించింది. కారులో మాట్లాడడు. అత్తగారు చర్చిలో సగం మందికి చెబుతుంది. కంచాల దగ్గర కొన్ని నెలలు చలి. అవన్నీ భరించగలనా అంటే, ఏమో, గ్యారంటీ ఏమీ లేదు. అయినా ఇన్నాళ్ళూ భరిస్తున్నది మాత్రం తక్కువా?

సోమవారం సాయంత్రం కాగితాలు పంచింది ఆమే. పిల్లలు పాటపేరు చూసి, పక్కవాళ్ళని మోచేత్తో పొడిచారు. హార్లన్ ముందు నుంచుని గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఇన్నాళ్ళూ మిమ్మల్ని కష్టపెట్టానని మీకు కోపంగా ఉండొచ్చు. అది కావాలనే చేశాను. ఒక్కొక్కళ్ళనీ విన్నాను. విని, మీకోసం ఈ పాట ఎంచాను."

రోవీనా తన కాగితం మీద సోలో ఎక్కడుందో అప్పుడే చూసుకుంది. తలెత్తి హార్లన్ వైపు చూసింది. ఆ చూపులో ఎంత కృతజ్ఞత ఉందంటే, వెర్లీన్ ఇక కూచోలేకపోయింది.

"మీ సారు ఎంచలేదు," అంది పియానో దగ్గర్నుంచి. "ఈ పాట నేనెంచాను. కిందటేడువీ నేనే ఎంచాను, అంతకు ముందువీ నేనే. మిమ్మల్ని విన్నది నేను. ఆ వేగం పాట మటుకు నేను వద్దన్నాను. అది కూలిపోవడం మీ తప్పు కాదు."

హార్లన్ నవ్వడానికి ప్రయత్నించాడు. "మిసెస్ పెటిఫోర్డ్ మనకి సాయం చేస్తూనే ఉంటారు. అవన్నీ ఇంట్లో మాట్లాడుకునే..."

"సాయం చెయ్యలేదు హార్లన్. ఎంచాను."

పిల్లల ముందు అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అన్నాక పియానో మూత పట్టుకుంది. పిల్లలు ఆయన వైపోసారి, ఈమె వైపోసారి చూస్తున్నారు. అప్పుడు వెనకనించి వెండెల్, పాపం ఏ గొడవా పట్టనివాడు, కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తూ అడిగాడు. "అయితే మేడం, ఇది ఎంత నెమ్మదిగా?"

మేడం అన్నాడు. సారుని అడగలేదు.

వెర్లీన్ పియానో దగ్గర్నుంచి లేచింది. కుర్చీల మధ్యలోంచి నడిచి ముందుకొచ్చింది. హార్లన్ ఎప్పుడూ నుంచునే చోటే నుంచుని ఉన్నాడు, చెయ్యి సగం లేచి ఉంది. ఆమె అతన్ని జరగమనలేదు. పక్కన నుంచుని ఊరికే చూస్తూ ఉంది. ఆ చెయ్యి కిందికి దిగేదాకా చూసింది. అతను ఒక అడుగు పక్కకి వేసేదాకా చూసింది. అప్పుడు పిల్లల వైపు తిరిగి అంది.

"నేను చెప్పేదాకా ఎవరూ మొదలుపెట్టకండి."