ఇంధనం వదిలిన మధ్యాహ్నం

ఆ మధ్యాహ్నం సైనిక రవాణా విమానంలో ఇద్దరే ఉన్నారు: కెప్టెన్, అతని పక్కన కోపైలట్‌గా అతని భార్య చెల్లెలు. వెనక అరలో గొలుసులతో బిగించిన రెండు అణుబాంబులు. వాటిని మరో స్థావరానికి చేర్చాలి. కాపలా జవాన్లను కెప్టెన్ ఏదో సాకు చెప్పి నేలమీదే దింపేశాడు.

కింద మబ్బులు కనుచూపు మేర ఆరేసిన దుప్పట్లలా పరుచుకుని ఉన్నాయి. విమానం కదులుతున్నట్టే లేదు. మరదలికి కళ్లు మూతలు పడుతున్నాయి. ఎండ ఆమె ఎడమ చెంప మీద నుంచి కుడి చెంప మీదికి మెల్లగా జారింది. అప్పుడు తెలిసింది, విమానం తిరిగిందని.

"బావా, దారి తప్పాం."

"తప్పలేదు. మార్చాను." అతను రేడియో కట్టేశాడు. "సముద్రం అవతల మనుషులు ఎదురు చూస్తున్నారు. వీటిని అప్పగిస్తే మూడు తరాలు కాలు మీద కాలేసుకుని బతకొచ్చు."

"అక్కకి తెలుసా?"

"మీ అక్కకి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే."

కలలో మాట్లాడుతున్నట్టు మెత్తగా అన్నాడు. నడుముకి తుపాకీ ఉంది.

ఆమె చూపు మీటల మీదికి వెళ్లింది. అత్యవసరంగా దిగేటప్పుడు ఇంధనాన్ని గాలిలోకి వదిలే మీట ఒకటుంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంది. రెక్కల చివర్ల నుంచి ఇంధనం తెల్లటి మంచులా సాగింది. అందులో ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు విరిసింది. దాన్ని చూస్తూ, ఎక్కడుందో క్షణంపాటు మర్చిపోయింది.

కెప్టెన్ గమనించేసరికి ఇంధనం చూపే ముల్లు సగానికి పైగా దిగిపోయింది. ఆమె చెయ్యి లాగాడు. వదల్లేదు. పెనుగులాటలో విమానం ఒక పక్కకి ఒరిగింది, వెనక గొలుసులు కిర్రుమన్నాయి. అతను తుపాకీ తీశాడు.

"కాల్చు బావా. సముద్రం దాటే ఫ్యూయల్ ఇక లేదు. వెనక్కి వెళ్లడానికి మాత్రం సరిపోతుంది."

"వెనక్కి వెళితే నా గతేంటో తెలుసానే నీకు?"

"తెలుసు. అయినా వెళ్దాం. దీన్ని నేనొక్కదాన్నే దింపలేను, నువ్వు పక్కనుండాలి."

అతను ఇంధనం ముల్లు వైపు మరోసారి చూశాడు. తర్వాత తుపాకీ ఆమె ఒళ్లో పెట్టి విమానాన్ని తిప్పాడు. మబ్బుల్లోకి దిగుతుంటే అద్దాల నిండా తెలుపు.

"ఇప్పుడు చక్రాలు దించు. తొందరేం లేదు," అన్నాడు, కొత్తగా నేర్పుతున్నట్టు.

రేడియో మూగబోయిందని కాచుకున్న జవాన్లు రన్‌వే మీద విమానాన్ని చుట్టుముట్టారు. అతనికి యావజ్జీవం పడింది. అక్క ఏడాదిపాటు చెల్లెలి మొహం చూడలేదు. ఒక పొద్దున తనే చెల్లెలి ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నిన్న జైలుకెళ్లాను. నువ్వెలా ఉన్నావని అడిగాడు."

"ఏం చెప్పావ్?"

"నాకేం తెలుసు అన్నాను. అందుకే చూసిపోదామని వచ్చా."

చెల్లెలు లేచి పొయ్యి మీద టీ పెట్టింది.