చెంద్రి కుడితి

కూరగాయలు కుళ్లుతుంటే చూస్తూ ఊరుకునే మనిషిని కాను నేను. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన లొల్లికి నన్నే తప్పుపట్టేవాళ్లు మా గల్లీలో ఇప్పటికీ ఉన్నారు. చాంద్రాయణగుట్టలో మా పుట్టింట్లో అమ్మ పావుకిలో టమాటాలు తెచ్చి ఒక్కటి కూడా పాడుకాకుండా వాడేది. పెళ్లయి దబీర్‌పురాకు వచ్చాక చూస్తే ఇక్కడ కథే వేరు. మా ఆయన నందు ప్రతి ఆదివారం స్కూటర్ మీద మీరాలం మండికి పోతాడు. "లేలో భాయ్, తాజా మాల్ హై" అని ఎవరు పిలిచినా ఆ మొహమాటపు మనిషి కాదనలేడు. సంచులకు సంచులు మోసుకొస్తాడు. వారం సగం కాకముందే కొత్తిమీర నల్లబడి జారుతుంది. కీరకాయ మెత్తబడి, వేలు పెడితే లోపలికి పోతుంది. అప్పుడు మా అత్త బుచ్చమ్మ వచ్చి, అదంతా చేటలోకి ఎత్తుకుని, సంతోషంగా వాకిట్లోకి పోతుంది.

వాకిట్లో చెంద్రి ఉంటుంది. చెంద్రి అంటే మా బర్రె. నొసట తెల్లమచ్చ ఉందని ఆ పేరు పెట్టింది మా అత్తే. ఒకప్పుడు మామ ఎల్లయ్యది పాల వ్యాపారం, కొట్టం నిండా బర్రెలు. గల్లీ ఇరుకైన కొద్దీ ఒక్కొక్కటే పోయి ఇదొక్కటి మిగిలింది. దూడగా ఉన్నప్పటి నుంచి అత్త దీన్ని చేతుల మీద సాకింది. మామ మాత్రం పక్కా వ్యాపారి. "పాలిచ్చినన్ని దినాలే. పాలు ఆగిన్నాడు మల్లన్నను పిలుస్త" అని ఎప్పుడో తేల్చేశాడు. మల్లన్న పశువుల బేరగాడు. అతను కొన్న ముసలి బర్రె చివరికి ఎక్కడ తేలుతుందో అత్తకు తెలుసు. అందుకే ఆమె పొద్దున లేచి దేవుడి పటం కంటే ముందు చెంద్రి పొదుగు చూస్తుంది.

చెంద్రికి గడ్డి, తవుడు వేళకు పడతాయి. కానీ ఆ మహాతల్లికి కావలసింది కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, రాత్రి మిగిలిన అన్నం, కూరగాయల పొట్టు, వాడిపోయిన ఆకులు, అన్నీ ఒక రాతి గోలెంలో కలిసి పులుస్తాయి. అది మూతి ముందు పెడితేనే పాలు చేపుతుంది, అంటే పొదుగులోకి వదులుతుంది. పెట్టకపోతే ఎంత పిండినా చుక్క రాదు. గల్లీలో ఆడవాళ్లంతా సాయంత్రం తమ ఇంటి పొట్టు తెచ్చి ఆ గోలెంలోనే వేసేవాళ్లు. ఇదంతా నేను రోజూ చూస్తున్నదే. చూస్తూ కూడా నా కళ్లకు అది పారబోతలాగే కనిపించింది.

సరే, కొంగు బిగించాను. ఫోన్లో వీడియోలు చూసి ఒక్కొక్కటే నేర్చుకున్నాను. కొత్తిమీరను గ్లాసు నీళ్లలో పూలగుత్తిలా నిలబెట్టాను. పాలకూర, మెంతికూర కడగకుండా పాత పేపర్లో చుట్టాను. పచ్చిమిరపకాయల తొడిమెలు తీసి, తడి లేకుండా తుడిచి డబ్బాలో పెట్టాను. ఉల్లిగడ్డలు ఒక మూలకు, ఆలుగడ్డలు ఇంకో మూలకు. రెంటినీ కలిపితే ఆలుగడ్డలు తొందరగా మొలకలేస్తాయి. పండిన అరటిపండ్లకు ఒంటరి కొక్కెం, ఎందుకంటే వాటి గాలి తగిలితే పక్కనున్నవన్నీ పండి పాడవుతాయి. ఇదంతా చేస్తూ ఊరికే ఉంటానా? ప్రతిదీ ఇంట్లో అందరినీ నిలబెట్టి చెప్పాను. నందు ఫోన్ చూసుకుంటూ ఊకొట్టాడు. మామ సగంలో లేచిపోయాడు. అత్త ఒక్కతే నోరు తెరుచుకుని, మళ్లీ మళ్లీ అడిగి మరీ విన్నది.

"అరటిపండ్ల పక్కన పెడితే కీరకాయ నిజంగనే ఖరాబ్ అయితదా?"

"అయితది అత్తమ్మా, రెండ్రోజులల్ల మెత్తగయితది."

"అవునా! మంచి మాట చెప్పినవ్ బిడ్డా" అన్నది. నాకు మస్తు గర్వమనిపించింది.

అంతటితో ఆగానా? వీడియోల్లో ఆమె ఎవరో పొట్టు కూడా పారేయకూడదని చెప్పింది. ఇక బీరకాయ పొట్టు పచ్చడి, సొరకాయ పొట్టు పచ్చడి, తర్బూజా తొక్క కూర, గోబీ కాడల వేపుడు. రాత్రి అన్నం మిగిలితే పొద్దున పులిహోర. అది కూడా మిగిలితే మజ్జిగలో నానబెట్టి వడియాలు. మామ పళ్లెం ముందు కూర్చుని ముద్ద పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

"ఇయ్యాల ఏం పచ్చడి?"

"సొరకాయ పొట్టు మామా."

"నిన్న?"

"బీరకాయ పొట్టు."

"కాయలు ఎవరు తింటున్నరు మరి?" అని అడిగి, జవాబు వినకుండా తిని లేచేవాడు. ఆయనకు తిండి దగ్గర కోపగించుకోవడం చేతకాదు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, గల్లీ మీద కూడా పడ్డాను. ఎదురింటి స్వరూప వదినకు, మూలమీది షాహీన్ ఆపాకు, కనబడ్డ ప్రతి ఆడమనిషికి నేర్పాను. నెల తిరిగేసరికి మా గల్లీలో కుళ్లిన కూరగాయ అన్నది కళ్లబడలేదు. గోలెంలో ఉత్త బియ్యం కడిగిన నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి.

చెంద్రి ఆ నీళ్లను చూసింది. నన్ను చూసింది. పాలు చేపడం మానేసింది.

మొదట సగానికి తగ్గాయి, తర్వాత గిన్నె అడుగు తడిసినన్ని. మామ బక్కెట్‌లోకి తొంగి చూసి, "ముసల్దయింది. శుక్రారం మల్లన్నను రమ్మంట" అన్నాడు. అత్త ఆ రోజు అన్నం తినలేదు. బర్రె వయసైపోయిందనే నేనూ అనుకున్నాను. వయసుకు ఎవరేం చేస్తారు?

సరిగ్గా అప్పుడే నా కూరగాయలు పాడవడం మొదలైంది. పేపర్లో చుట్టిన పాలకూర విప్పితే తడి తడిగా కంపు కొట్టింది. ఆలుగడ్డలకు మొలకలు వచ్చాయి. కీరకాయలు మెత్తబడ్డాయి. అయినా బాగున్నంత మేర కోసుకుని వండేశాను, గోలెంలోకి పిడికెడు కంటే పోలేదు. నేను సీదా మా ఆయన మీద పడ్డాను.

"ఫ్రిజ్ తలుపు సరిగ్గ వెయ్యనిది నువ్వే గదా?"

"నేనెందుకు తీస్తనే ఆ ఫ్రిజ్? తీస్తే ఏదో ఒక తొక్క కనవడ్తది, భయమైతది నాకు."

"మరి ఎట్ల కుళ్లినయ్?"

"గొంగట్ల తినుకుంట ఎంట్రికలు ఏరినట్టుంది నీ యవ్వారం. సంచెడు కూరగాయలు కొన్నంక ఒకటి రెండు కుళ్లవా?"

రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. పాపం, తప్పు అతనిది కాదు. శుక్రవారం పొద్దున పాలు పిండే వేళకు నేను వంటింట్లోకి పోతే, అక్కడ మా అత్త ఉంది. ఫ్రిజ్ ముందు మఠం వేసుకుని కూర్చుంది. నా మెంతికూర పొట్లాలు ఒక్కొక్కటే విప్పి, చెంబులో వేళ్లు ముంచి శ్రద్ధగా నీళ్లు చల్లుతోంది. పక్కన ఉల్లిగడ్డల బుట్టలో ఆలుగడ్డలు, కీరకాయల మీద నా ఒంటరి అరటిపండ్లు. చెప్పిన ప్రతి పాఠాన్ని తిరగేసి చేస్తోంది. ఈ ఇంట్లో నా మాటలు శ్రద్ధగా విన్నది ఆమె ఒక్కతే అని ఊరికే అన్నానా?

"అత్తమ్మా! ఏంది ఇది?"

ఆమె ఉలిక్కిపడింది. చెంబు కింద పెట్టింది. దొరికిపోయిన మనిషి కదా, తల దించుకుంటుందనుకున్నాను. అస్సలు దించుకోలేదు.

"ఏందంటవేందే? నీ కొత్తిమీర బతుకుతున్నది గని నా బర్రె సస్తున్నది! పారేస్తున్నం, పారేస్తున్నం అని గల్లంత దండోరేసినవ్. ఎవరు పారేసిండ్రే ఈ ఇంట్ల? సాయంత్రం గోలెంల వేసిన పొట్టు పొద్దుగాల పాలయి మల్ల నీ పొయ్యి మీదికే వస్తుండె గదనే!"

నిజమే. చేటలో ఎత్తుకుపోయిన ఆకు, కడిగిన నీళ్లు, అడుగంటిన మెతుకు, అన్నీ తిరిగి ఇంటికే వచ్చేవి. చెంద్రికి వయసైపోలేదు. దాని నోటి దగ్గరి కూడును నేను లాక్కుని మా మామకు పచ్చడి చేసి పెట్టాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"ఎట్ల చెప్పాలె? కోడలు ఇంటిని సక్కవెడుతున్నదని గల్లంత మెచ్చుకుంటున్నరు. నా బర్రె కోసం కూరగాయలు కుళ్లవెట్టు బిడ్డా అని అడగమంటవా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి టైమ్ లేదు, మల్లన్న వచ్చే వేళయింది.

బక్కెట్ పట్టుకుని గల్లీలోకి ఉరికాను. స్వరూప వదిన తలుపు కొట్టాను.

"వదినా, నీ ఇంట్ల ఏమన్న కుళ్లిందా?"

"ఛీ ఛీ, మా ఇంట్ల ఎందుకు కుళ్లుతది?" అని ఆమె నన్ను చెయ్యి పట్టి ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోయింది. కొత్తిమీర గ్లాసులో నిగనిగలాడుతోంది. "పోయిన వారం తెచ్చింది. సూడు ఎట్లున్నదో!" నేను మెచ్చుకునేదాకా వదల్లేదు.

షాహీన్ ఆపా ఇంకా ఘోరం. "అరే స్రవంతీ, తుమీచ్ బోలే నా, కుచ్ భీ ఫేంకో నక్కో!" అని, ఏదీ పారేయొద్దన్న నా పాఠం నాకే అప్పజెప్పి, తర్బూజా తొక్క హల్వా నా నోట్లో పెట్టింది. అది బాగుంది కూడా. ఏడుస్తూ మింగాను. ఇల్లిల్లూ తిరిగితే బక్కెట్‌లో పడింది రెండు ఉల్లిపొరలు. ఇంత బుద్ధిమంతుల గల్లీ హైదరాబాదు మొత్తంలో ఇంకెక్కడా ఉండదు.

ఇంటికొచ్చి చివరి ప్రయత్నంగా నా ఫ్రిజ్‌లోని తాజా గోబీ, పాలకూర, అన్నీ తరిగి గోలెంలో వేశాను. చెంద్రి మూతి దగ్గరికి తెచ్చింది. పుల్లటి వాసన లేదు. బుస్సుమని ముక్కుతో గాలి వదిలి, పెళ్లిలో మర్యాద తక్కువైన వియ్యపురాలిలా మొహం అటు తిప్పుకుంది. అప్పుడే గేటు చప్పుడైంది.

మల్లన్న వచ్చాడు. చెంద్రి చుట్టూ తిరిగాడు, పళ్లు చూశాడు, తోక ఎత్తి చూశాడు. అత్త దాని మెడ మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడింది. పశువుల బేరంలో ధర పైకి చెప్పరు. భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతూ మాట్లాడుకుంటారు. మామ చెయ్యి తువ్వాలు కిందికి పోయింది. తువ్వాలు కదలడం మొదలైంది. అత్త కళ్లు మూసుకుంది.

"మామా, ఒక్క మాట" అన్నాను.

"బేరం నడుస్తున్నప్పుడు మాటలేందమ్మా?"

"అమ్ముర్రి మామా, నేనొద్దంటలేను. పొట్టు ఫికర్ గూడ పెట్టుకోకుర్రి. గల్లీలోళ్లకు చెప్పిన, వాళ్ల పొట్టు గూడ మన వంటింటికే ఇయ్యమని."

తువ్వాలు ఆగింది.

"ఎవరి పొట్టు?"

"అందరిది. వారమంత పచ్చడికి సరిపోతది. రేపు అరటితొక్క కూర చేస్త, ఫోన్ల చూసిన. నిమ్మతొక్కల చారు, గుమ్మడికాయ తొక్కల తొక్కు. మన ఇంట్ల ఇగ ఏదీ బయటికి పోదు మామా. తినేటోళ్లం మనమే నలుగురం."

లోపలి నుంచి నందు గొంతు వినిపించింది. "బాపూ, నీ కాళ్లు మొక్కుత, బర్రెను అమ్మకు!"

మామ నన్ను చూశాడు. బర్రెను చూశాడు. ఆయన మొహంలో ఇన్నాళ్లు మింగిన పచ్చళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. మెల్లగా తువ్వాలు కింది నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మల్లన్నా, ఏమనుకోకు. ఇది పోతే ఈ ఇంట్ల బర్రెను నేనే అయిత" అన్నాడు.

అని ఊరుకోలేదు. గబగబా వంటింట్లోకి పోయి, పచ్చడి కోసం నేను దాచిన పొట్టు మొత్తం, వడియాల కోసం మజ్జిగలో నానేసి ఆ కంగారులో నేను మరిచేపోయిన అన్నం గిన్నెతో సహా తెచ్చి గోలెంలో బోర్లించాడు. మూడు రోజుల నుంచి పులుస్తున్న అన్నం అది, వాకిలంతా వాసన గుప్పుమంది. చెంద్రి చెవులు నిక్కబొడుచుకుంది. కళ్లదాకా మూతి ముంచి జుర్రడం మొదలుపెట్టింది. అత్త బక్కెట్ పెట్టుకుని కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత మొదటి ధార బక్కెట్ అడుగున టంగుమని మోగింది, దాని వెంట ఇంకొకటి, ఇంకొకటి. మామ గోడవైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట అని తర్వాత చెప్పాడు కానీ నేను నమ్మలేదు.

నేను అత్త పక్కన చతికిలబడ్డాను. ఆమె పిండుతూనే, తల తిప్పకుండా మెల్లగా అడిగింది.

"మంచి ఉపాయమే చేసినవ్ బిడ్డా. గా అరటితొక్క కూర ముచ్చట వాళ్లను బెదిరియ్యనీకే గదా?"

"కాదు అత్తమ్మా. మసాలా గూడ నూరి పెట్టిన."

అత్త చేతులు ఆగిపోయాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, బర్రె పొట్టకు నుదురు ఆనించింది.

"చెంద్రీ, నిన్ను నేను బతికిచ్చిన అనుకున్ననే తల్లీ" అన్నది. "మమ్మల్నందర్ని నువ్వే బతికిచ్చినవ్."