ఆదివారం పూట చెమ్మ

వేల్స్ కొండల్లో మా వీధి వాలు మీద ఉంది. ఇళ్ల వెనక గోడలు సగం దాకా మట్టిలోనే ఉంటాయి. అందుకే ప్రతి ఇంటి వెనక గదిలోనూ నల్ల బూజు పడుతుంది. ఒక్క గ్లెనిస్ ఇంట్లోనే పోయిన అక్టోబరు నుంచి పడలేదు. ఈ ఇళ్లు అద్దెకిచ్చే హౌసింగ్ సంఘం వాళ్లు ఆ ఇంటి అటక మీద ఒక యంత్రం బిగించారు. అది వంటింట్లో, స్నానాలగదిలో ఉన్న తడిగాలిని లాగి బయటికి పంపుతుంది. పంపే ముందు అందులోని వేడిని తీసుకుని, బయటి నుంచి లోపలికొచ్చే చల్లగాలికి ఇస్తుంది. కిటికీ తెరవక్కర్లేదు, వేడి పోదు.

"పాతగాలి పోతూ పోతూ తన కోటు విప్పి కొత్తగాలికి తొడిగి పోతుందన్నమాట," అని గ్లెనిస్ చెల్లెలు బెటి వీధంతా చెప్పింది.

వెనక గది బెటిది. ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు. అంతకుముందు ప్రతి చలికాలం ఆస్పత్రిలో పడి లేచేది. ఆ గదిలో ఇంకొక్క చలికాలం పడుకుంటే తను పూచీ పడనని డాక్టరు గ్లెనిస్‌తో అన్నాడు. యంత్రం వచ్చాక దగ్గు తగ్గింది. అయితే దాన్ని పెట్టింది పరీక్ష కోసం. ఈస్టరు దాకా ఇంట్లో చెమ్మ అదుపులో ఉంటే ఉంచుతారు, తర్వాత వీధిలో అందరికీ పెడతారు. లేకపోతే పీక్కెళ్తారు. చెమ్మ కొలిచే డబ్బా మెట్ల పైన గోడకి ఉంది. దాని లెక్క నేరుగా సంఘం ఆఫీసుకే వెళ్తుంది.

ఫిబ్రవరి చివర్లో ఆఫీసు నుంచి ఎమ్రిస్ వచ్చి, టీ కప్పు పక్కన పెట్టి, ఫోనులో చెమ్మ పెరగడం, తగ్గడం తెలిపే గీత చూపించాడు.

"గ్లెనిస్ గారూ, సోమవారం నుంచి శనివారం దాకా మీ ఇల్లు అప్పడంలా పొడిగా ఉంది. ఆదివారం మాత్రం గీత కొండెక్కుతోంది. ఆదివారం మీరేం చేస్తారు?"

"చర్చికెళ్తాను."

"అది కాదండీ, ఇంట్లో?"

"ఆదివారం ఈ ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యరు. క్యాబేజీ కూడా శనివారమే తరిగి పెట్టుకుంటాను."

"మరి స్నానాలు?"

"శనివారం రాత్రే. నన్నెవరనుకున్నావ్?"

బెటి అల్లికలోంచి తల ఎత్తలేదు. "యంత్రానికి కూడా ఆదివారం సెలవు కావాలేమో నాయనా," అంది.

ఎమ్రిస్ నవ్వలేదు. "ఇలాగే ఉంటే తీసెయ్యమంటారమ్మా. నా చేతిలో ఉండదు." వెళ్తూ గుమ్మం దగ్గర గ్లెనిస్‌తో, వచ్చే ఆదివారం తనే వచ్చి చూస్తానన్నాడు. ఇంట్లో దాచాల్సిందేమీ లేదనుకుని గ్లెనిస్ ఆ మాట చెల్లెలికి చెప్పలేదు.

ఆదివారం దేవుడి రోజు, పని చెయ్యడం పాపమని మా వీధిలో ఆ రోజు బయట బట్టలు ఆరేయరు. తీగలన్నీ చర్చి మెట్ల మీద నుంచి కనిపిస్తాయి. వారమంతా వాన పడి ఆదివారం ఎండ కాసినా అంతే. ఇక బెటి, చర్చిలో చలి కాబట్టి వెళ్లదు. అక్క గుమ్మం దాటగానే బెటి పక్క తలుపు తీసేది. మొదట పక్కింటి ఐర్లిస్ దుప్పట్లు యంత్రం గాలికి ఆరడానికి వచ్చాయి. క్రిస్మస్ నాటికి సగం వీధి బట్టలు వస్తున్నాయి. గ్లెనిస్ చర్చిలో పిల్లలకి చెప్పే ఆదివారపు బడి కూడా ముగించుకుని తిరిగొచ్చేసరికి అన్నీ ఆరిపోయి ఎవరి ఇంటికి అవి చేరేవి. బెటి కబుర్లు తప్ప వేరే కూలి అడిగేది కాదు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆమెకి తెలిసినంతగా మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఎమ్రిస్ వెళ్లిన సాయంత్రం బెటి ఐర్లిస్‌ని పిలిచి, "ఇక చాలే తల్లీ. యంత్రం పోతే నేనూ పోతాను," అంది.

"ఈ ఒక్క వారం పిన్నీ. శనివారం ఒక ఆట, సోమవారం ఇంకో ఆట. రగ్బీ జట్టు చొక్కాలు ఉతికే పనంతా నా నెత్తినే పెట్టారు."

"గోడ మీద డబ్బా చూస్తూ ఉంటుందే."

"దాని కళ్లు మూసేద్దాం," అంది ఐర్లిస్.

ఆ ఆదివారం పాస్టరు గారి ప్రసంగం సగంలో ఉండగా గ్లెనిస్ లేచి బయటికి నడిచింది. అంతకుముందు ఆమె అలా లేవడం ఎవరూ చూడలేదు. చర్చి గేటు దగ్గర, అన్నమాట ప్రకారం, ఎమ్రిస్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఇంటికి వచ్చి తలుపు తీశారు.

మెట్ల కమ్మీ పొడవునా ఎర్ర చొక్కాలు వేలాడుతున్నాయి. స్నానాలగదిలో దుప్పట్లున్నాయి. గోడ మీది డబ్బాకి టీ కెటిలు మీద కప్పే ఉన్ని టోపీ తొడిగి ఉంది. బెటి, ఐర్లిస్ నోట్లో క్లిప్పులతో ఆగిపోయారు.

"అక్కా, పెందలాడే వచ్చావే. ప్రసంగం పొట్టిదా?" అంది బెటి, క్లిప్పు తీసి.

ఎమ్రిస్ టోపీ ఊడదీశాడు. "ఇదేంటండీ?"

"దానికి చలేస్తుందని," అంది ఐర్లిస్.

గ్లెనిస్ మెట్లెక్కుతూ ఒక్కొక్కటే అడిగింది. "ఇవి?"

"రగ్బీ వాళ్లవి."

"ఈ దుప్పట్లు?"

"నావి," అంది ఐర్లిస్.

"ఈ చారల పైజమా?"

బెటి ఐర్లిస్ వైపు చూసింది.

"బెటీ, నిన్నే."

"పాస్టరమ్మ పంపింది."

"పాస్టరు గారి పైజమానా? ఆదివారం పూట?"

"ఇప్పుడాయన వేసుకుని లేరు కదక్కా."

ఎమ్రిస్ అటక ఎక్కి యంత్రం మూత తీశాడు. గాలి వడకట్టే పలకని కిందికి తెచ్చి చూపించాడు. దాని మీద ఎర్రటి నూగు మందంగా పేరుకుని ఉంది. తర్వాత బెటి గదిలోకి వెళ్లి వెనక గోడని అరచేత్తో పైనుంచి కింద దాకా తడిమాడు. చెయ్యి పొడిగానే ఉంది.

"ఇద్దరు మనుషుల కోసం పెట్టిన యంత్రం అండీ ఇది. వీధి మొత్తం బట్టలు ఆరబెట్టి కూడా గోడకి బూజు రానివ్వలేదు. దాని తప్పేం లేదు. కానీ ఆఫీసువాళ్లు నా అరచెయ్యి చూడరు, గీత చూస్తారు. ఈస్టరు దాకా ఒక్క ఆదివారం కూడా కొండెక్కకూడదు."

"తలుపు గడియ పెట్టుకుంటానక్కా. ఒట్టు," అంది బెటి.

"నీ గడియ సంగతి నాకు తెలుసు. కబురుందని ఎవరైనా తలుపు కొడితే తీస్తావు."

"మరి ఇవన్నీ ఎక్కడ ఆరేసుకోమంటారు?" అంది ఐర్లిస్.

గ్లెనిస్ కిటికీలోంచి చూసింది. వాన వెలిసి గాలి వీస్తోంది. కమ్మీ మీదివి, స్నానాలగదిలోవి అన్నీ బుట్టలో వేసింది. అన్నిటికంటే పైన పైజమా పెట్టింది. బుట్ట ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

"అక్కా, ఇవాళ ఆదివారం!" అని బెటి వెనకనుంచి అరిచింది.

"నాకు తెలీదనుకున్నావా? నువ్వు లోపలికి పో, చలిగాలి. ఐర్లిస్, క్లిప్పులు అందివ్వు."

తీగకి చర్చి వైపు కొసన ముందు పైజమా వేసింది. తర్వాత చొక్కాలు, ఆ తర్వాత దుప్పట్లు. ఆఖరి దుప్పటి వేస్తుండగా చర్చి వదిలారు. మెట్ల మీదే జనం ఆగిపోయారు. ఎవరో "అయ్యో, గ్లెనిస్!" అన్నారు. పాస్టరమ్మ తీగ వైపు చూసి, చేతిసంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆమెని చూసి మిగతావాళ్లు పైజమాని చూశారు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

పాస్టరు గారు అందరికంటే వెనక వచ్చారు. తీగని చూశారు. గ్లెనిస్‌ని చూశారు. గ్లెనిస్ చూపు తిప్పుకోలేదు.

"గాలి బాగుంది గ్లెనిస్ గారూ," అన్నారాయన.

"బాగుందండీ. మధ్యాహ్నానికి ఆరిపోతాయి."

తర్వాతి ఆదివారం వీధిలో దాదాపు అన్ని తీగల మీదా బట్టలున్నాయి. ఎమ్రిస్ ఫోనులో గీత కదలకుండా పడుకుంది. ఈస్టరు వెళ్లాక పనివాళ్లు వ్యానేసుకుని వచ్చి, గ్లెనిస్ ఇల్లు దాటి ఐర్లిస్ గుమ్మం ముందు రెండో యంత్రం దించారు.

బెటి దగ్గు మళ్లీ తిరగబెట్టలేదు. ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాత్రం మొహం మాడ్చుకుంటుంది.

"గాలికేం, బ్రహ్మాండంగా వస్తోంది. ఆదివారం పూట మనిషే రావట్లేదు. పాస్టరమ్మకి, ఆ పోస్టాఫీసు ఆవిడకి మాటలు కలిశాయో లేదో నువ్వైనా చెప్పు."