నోరీన్‌కు తగ్గిన తొమ్మిది గంటలు

నోరీన్ పళ్లు రెండు ఊడగొట్టింది నేనే. ఇంకొకరు చెప్పడం దేనికి, నేనే చెబుతాను.

కెనడా తూర్పు తీరాన మా న్యూఫౌండ్‌లాండ్ రేవులో చేపల ఫ్యాక్టరీ ఏడాదికి నాలుగైదు నెలలే నడుస్తుంది. ఆ సీజన్‌లో నాలుగు వందల ఇరవై గంటలు పని చేసినవాళ్లకు చలికాలమంతా నిరుద్యోగ భృతి వస్తుంది. ఒక్క గంట తగ్గినా రాదు. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉంది. గంటలు నిండినవాళ్లు ఆఖరి పడవ వచ్చిన రోజు ఇంట్లో కూర్చుని, తక్కువ పడినవాళ్లకు చేపలు కోసే బల్ల దగ్గర చోటు వదలాలి. ఇది ఎక్కడా రాసి లేదు. అయినా తప్పినవాళ్లను నేను చూడలేదు.

ఆ ఏడాది నా గంటలు సెప్టెంబరులోనే నిండాయి. నోరీన్‌కు తొమ్మిది తగ్గాయి. పదహారేళ్లుగా నా పక్కన నిలబడి చేపలు కోసిన మనిషి. మొగుడు సముద్రంలో పోయాడు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ తొమ్మిది గంటలు పడితేనే వాళ్లకు చలికాలం గడుస్తుంది.

మేస్త్రీ సెల్బీకి ఆమె అంటే కడుపుమంట. జులైలో ఒంటి మీద చెయ్యి వేయబోతే వేడి వేడి టీ వాడి మొహాన కొట్టింది. ఆఖరి పడవ వచ్చిన పొద్దున వాడు నాకు ఫోన్ చేశాడు. నోరీన్ చోటులోకి నేను రావాలట, రాకపోతే వచ్చే సీజన్‌లో నాకు పిలుపు ఉండదట. మా ఆయన గస్ వెన్ను దెబ్బతిని మంచాన ఉన్నాడు. ఛీ, సాకులెందుకు. భయపడ్డాను, వెళ్లాను.

నోరీన్ ఏడున్నరకు వచ్చింది. తన చోట నన్ను చూసి నిలబడిపోయింది.

"ఇంకెవరో అనుకున్నా. నువ్వా డల్సీ?" అంది.

సిగ్గుతో చావాల్సింది పోయి నేను ఒంటికాలి మీద లేచాను. "ఈ చోటు మీద నీ పేరు రాసుందా? జులైలో చెయ్యి అదుపులో పెట్టుకునుంటే నీకీ గతి పట్టేదా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

చేపలు లాగే ఇనుప కొంకి గోడకు ఆనించి ఉంది. ఆమె అది తీసి నా భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండో దెబ్బ తలమీద పడేదే. పక్కకు తప్పుకుని, ఐసు ఎత్తే రేకు తట్టతో ఆమె మూతి పగలగొట్టాను. ఇద్దరం తడి నేల మీద పడి దొర్లాం. జుట్లు పీక్కున్నాం, కొరుక్కున్నాం. చేపల నెత్తురేదో మా నెత్తురేదో తెలియలేదు.

సెల్బీ చేతులు కట్టుకుని నవ్వుతూ చూశాడు. చాలనుకున్నాక వచ్చి ఆమెను జుట్టు పట్టి వాకిలి దాకా ఈడ్చాడు. బూటుకాలితో డొక్కలో తన్నాడు. మూడోసారి తన్నేసరికి ఆమె అరవడం మానేసింది.

అప్పటిగ్గాని నాకు బుద్ధి రాలేదు. పనిచేసే ఒక్క చేత్తో అదే తట్ట ఎత్తి వాడి ముక్కు మీద కొట్టాను. వాడు కూలబడ్డాడు. మళ్లీ కొట్టాను. మిగతా ఆడవాళ్లు లాగకపోతే చంపేసేదాన్నే.

వాణ్ని ఆస్పత్రికి మోసుకుపోయారు. చేప కుళ్లిపోతుందని యజమాని గోల. బల్ల దగ్గర ఎవరు నిలబడ్డా ఆయనకు ఒకటే. నోరీన్ లేచింది. నా వంక చూడకుండా, నోట్లో గుడ్డ కుక్కుకుని, కత్తి తీసుకుని తన చోట నిలబడింది. గుడ్డ తడిసినప్పుడల్లా పిండుకుని మళ్లీ పెట్టుకుంటూ తొమ్మిది గంటలూ కోసింది.

వారం తర్వాత భృతికి కావాల్సిన కాగితాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. పని ఎందుకు ఆగిందో మేస్త్రీ అందులో రాయాలి. 'పని లేదు' అని రాస్తే భృతి వస్తుంది. సెల్బీ మా ఇద్దరి కాగితాల మీదా 'కొట్లాటకు తీసేశాం' అని రాశాడు. అలా రాస్తే గంటలు నిండినా దండగే. అయినా ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం.

ముక్కుకు కట్టుతో వాడు మా ఇంటికే వచ్చాడు. "ముందు కొట్టింది నోరీన్, నేను విడదీశానంతే. ఆఫీసువాళ్లు అడిగితే ఈ మాట చెప్పు చాలు. నీ కాగితం మార్చేస్తా," అన్నాడు. ముందు కొట్టింది నిజంగానే నోరీన్. అదే వాడి ధైర్యం.

రెండు రోజులకు భృతి ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నోరీన్‌ను అడిగితే డల్సీనే అడగండి అందట. గస్ మంచం మీంచి నన్నే చూస్తున్నాడు.

"ముందు కొట్టింది నేనే. ఆమె కాచుకుందంతే. ఆమెను కింద పడేసి తన్నుతుంటే మేస్త్రీనీ కొట్టాను. రాసుకో తల్లీ," అన్నాను.

నోరీన్‌కు భృతి వచ్చింది. నాకు రాలేదు. ఆ చలికాలం బంగాళదుంపలతో, ఉప్పు చేపతో నెట్టుకొచ్చాం.

జనవరిలో ఒకరోజు నోరీన్ మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"నా కోసం అబద్ధం ఆడావటగా," అంది.

ఆడానన్నాను. కాస్త మెత్తబడుతుందేమోనని ఆశపడ్డాను కూడా.

"అంత కష్టం దేనికే? ఆ రోజు ఇంట్లో కూర్చునుంటే సరిపోయేదిగా."

మంచు పట్టిన మెట్లు చూసుకుంటూ దిగి వెళ్లిపోయింది. అంతా విన్న గస్ మంచం మీంచి తలుపు వెయ్యమన్నాడు, చలి వస్తోందని.