అడ్డుపుల్ల

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా అతను కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని తెర మీది పట్టిక కిందికి జరిపాడు. ఎడమ వరుసలో వాడకం, కుడి వరుసలో పరిమితి. ప్రాంతం మొత్తానికి వంద ప్రాసెసర్ కోర్లు. వాడకంలో ఎనభై. ఆ అంకెలు చీటీ మీద రాసి తేదీ వేశాడు. చీటీ రాయమని ఎవరూ చెప్పలేదు.

అతనికి యాభై ఆరేళ్లు. ఆ ఆఫీసులో ఇరవై ఏడేళ్లు. టైపిస్టుగా చేరాడు. తర్వాత సర్వర్ గది అప్పగించారు. అప్పట్లో మెషీన్లు కంటికి కనిపించేవి. గుడ్డతో దుమ్ము తుడిచేవాడు. తొమ్మిదేళ్ల కిందట వాటిని పాత ఇనుము కింద అమ్మేశాక మెషీన్లన్నీ క్లౌడ్ కంపెనీ భవనాల్లోకి పోయాయి. ఇక్కడి నుంచి అడిగితే పుడతాయి, చెరిపితే పోతాయి. ఆ భవనాలున్న ఏ ప్రాంతంలో ఎన్ని కోర్లు, అంటే ఎంత మెషీన్ బలం, వాడుకోవచ్చో ఆ కంపెనీ గీత గీస్తుంది. దాన్నే కోటా అంటారు. ఆ గీత దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు లేదని చెప్పడం అతని పని. ఆఫీసులో అతన్ని అడ్డుపుల్ల అంటారు. అతనికి తెలుసు. లేదని చెప్పడంలో అతనికి కొంత సుఖం ఉందని వాళ్లకూ తెలుసు.

ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి శాఖలో ఒకరి పేరు చెబుతారు. ఆ మనిషి సోమవారం నుంచి రానక్కర్లేదు. అతను రిటైరు కావడానికి ఇంకా ఇరవై రెండు నెలలుంది.

పొద్దున బయలుదేరుతుంటే భార్య చెప్పులు అతని ముందుకు తోసింది. "ఇవాళ ఒక్కరోజు నోటికి తాళం వేసుకోండి. మీరు వెళ్లేది గెలవడానికి కాదు, ఉండడానికి."

తొమ్మిదీ పదికి టీం లీడ్ వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి పరీక్షా ఫలితాలు సైట్లో పెట్టాల్సింది అతని టీమే. లక్షల మంది ఒకేసారి చూస్తారు. అందుకు ఎనిమిది కోర్ల మెషీన్లు నాలుగు కావాలి.

"ఈసారి మీ దయ అక్కర్లేదు అంకుల్. పై ఆఫీసుతో నేనే మాట్లాడుకున్నా. మా రకం మెషీన్లకి కోటా పదహారు నుంచి అరవై నాలుగు చేయించా."

"సంతోషం సార్."

"చూశారా! అడిగే తీరులో అడిగితే పనవుతుంది."

అరవై నాలుగు ఆ రకానికి మాత్రమే. రకానికొక గీత ఉంటుంది, దాని పైన ప్రాంతం మొత్తానికి ఇంకో గీత ఉంటుంది. రెండింటిలో ఏది దాటినా మెషీన్ పుట్టదు. ఎనభైకి ముప్పై రెండు కలిపితే నూట పన్నెండు. టీం లీడ్ పట్టిక చూడలేదు. అడ్డుపుల్ల చెప్పలేదు.

ఇంకొకటి కూడా చెప్పలేదు. ఆ ఎనభైలో పదహారు కోర్లు ఆగిపోయిన రెండు మెషీన్లవి. ఆపేసినంత మాత్రాన కోటాలో చోటు వదలవు, చెరిపితేనే ఖాళీ. రెండు నెలల కిందట వాటిని చేయించి, ఆపి, మరిచిపోయింది టీం లీడే. తీసేయమని అడ్డుపుల్ల మూడు మెయిళ్లు రాశాడు. మూడోదానికి జవాబొచ్చింది, సగం ఆఫీసుకు కాపీతో సహా. అతను దాన్ని ప్రింటు తీసి సొరుగులో పెట్టుకున్నాడు.

పన్నెండున్నరకు రెండు మెషీన్లు పుట్టాయి. మూడోది పుట్టలేదు.

"ఏం చేశారు అంకుల్?" టీం లీడ్ గది ఆ చివర నుంచే అరిచాడు.

"నేనేం చేయలేదు సార్."

"మీ ఉద్యోగమే అది కదా, ఏం చేయకపోవడం!"

నలుగురు నవ్వారు. టీం లీడ్ వచ్చి బల్ల మీద చెయ్యి వేశాడు. "పక్క ప్రాంతంలో కోటా మొత్తం ఖాళీయేగా? అందులోంచి ఇవ్వండి."

"ఎక్కడి కోటా అక్కడే సార్. డేటా చూస్తే ఇక్కడుంది. పక్కింటి పొయ్యి మీద మన కుండ ఉడకదు."

"సామెతలు వద్దు. పెంచమని అడగండి."

"రెండు రోజులు పడుతుంది. సోమవారం నాతో ఒక్క మాటంటే ఈపాటికి వచ్చేది. మీరు పైవాళ్లతో మాట్లాడుకున్నారాయె."

ఒంటిగంటకు మేనేజరు గదిలోంచి బయటికొచ్చింది. అందరూ కుర్చీలు తిప్పుకుని చూస్తున్నారు. అడ్డుపుల్ల సొరుగు లాగి కాగితం తీశాడు. లేచి నిలబడ్డాడు. కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"'నా మెషీన్లు ముట్టుకోవద్దు. మీ పని మీరు చూసుకోండి. మీకు పని ఉంటే.'"

మళ్లీ నవ్వారు. ఈసారి అతన్ని చూసి కాదు. టీం లీడ్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఇప్పుడు ముట్టుకోమంటారా సార్?"

"...తీసేయండి."

"గట్టిగా చెప్పండి, మేడమ్ కూడా వింటారు."

"తీసేయమన్నాగా!"

నాలుగు నిమిషాల పని. మిగతా రెండు మెషీన్లూ పుట్టాయి. వాడకం తొంభై ఆరు.

రెండింటికి భార్య ఫోన్ చేసింది. "ఎలా ఉంది అక్కడ?"

"వాడి నోరు మూయించా. అందరి ముందూ."

"అన్నం తినండి" అని పెట్టేసింది.

మూడింటికి ఫలితాలు వచ్చాయి. సైటు ఆగలేదు. ఐదింటికి మేనేజరు పిలిచింది. కూర్చోమంది.

"ఆ రెండు మెషీన్ల సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"రెండు నెలల్నుంచీ మేడమ్."

"ఇవాళ అవి అడ్డొస్తాయని?"

"తొమ్మిదికి తెలుసు."

"ఒంటిగంట దాకా ఎందుకు ఆగారు?"

"ఆయన అడగలేదు."

"ఆయన అడగలేదని అంతమంది పిల్లల ఫలితాలు ఆగాలా?"

ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది.

"ఆయన టీంకి కొత్త పోస్టు ఒకటి వచ్చింది. శాఖకి మొత్తం నలభై మందే. నలభై మందీ ఉన్నారు."

వివరించాల్సిన పని లేకపోయింది. తొమ్మిదేళ్లుగా అతను అందరికీ వివరిస్తున్నది అదే.

"టీంలో చోటుంది, శాఖలో లేదు" అన్నాడు.

"అవును."

"ఎవరినో ఒకరిని తీయాలి."

"పొద్దున నా దగ్గర రెండు పేర్లుండేవి" అంది మేనేజరు.

అతను సంతకం పెట్టాడు. బల్ల దగ్గరికొచ్చి అన్నం డబ్బా, రెండో కళ్లద్దాలు సంచిలో వేసుకున్నాడు. టీం లీడ్ ఫోన్లో మాట్లాడుతూ తల తిప్పుకున్నాడు. మిగతావాళ్లు తెరల వైపు చూస్తూ ఉండిపోయారు. అతను లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు.

సోమవారం ఆ బల్ల దగ్గరికి కొత్తమ్మాయి వచ్చింది. రెండు మోచేతులూ ఆనించి టైపు చేసింది. ఆ గదిలో నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, బల్లలన్నీ ఊగుతాయి. ఇది ఊగలేదు. వెనక ఎడమ కాలి కింద పాత రిజిస్టరు అట్ట, నాలుగు మడతలు పెట్టింది, నలిగి నేల రంగులో కలిసిపోయి ఉంది.