బియ్యం డ్రమ్ములో ముందస్తు దరఖాస్తు

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ను. నా జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజున నేను బియ్యం డ్రమ్ములో ఉన్నాను. తడిసిన ఫోన్లను బియ్యంలో పెడతారని విన్నాను. నేను తడవలేదు. ఎవరో నన్ను ఎత్తుకొచ్చి, పాలిథిన్ కవరులో చుట్టి, బియ్యం తవ్వి పాతిపెట్టారు.

మూత మూస్తే నాకు కళ్లు పోతాయి. చెవులు మాత్రం పోవు. బయట ఇల్లంతా తలకిందులవుతోంది.

"మంచం కింద లేదు మామా," అంది మాన్విత.

"మంచం కింద నేను జూసిన. బీరువా మీద జూడు," అన్నాడు ఆమె మేనమామ తిరుపతి. "తాళమేసిన ఇంట్ల ల్యాప్‌టాప్ ఎట్ల మాయమైతది? అక్కా, పగటిపూట ఎవలొచ్చిండ్రు ఇంటికి?"

"నువ్వొచ్చినవ్. పాలాయన వచ్చిండు," అంది మాన్విత తల్లి స్వరూప. "పాలాయనకు ల్యాప్‌టాప్ ఎందుకురా? బర్రెలకు సినిమా జూపిస్తడా?"

ఎవరూ నవ్వలేదు. అమెరికా కాలేజీకి మాన్విత ముందస్తు దరఖాస్తు మర్నాడు పొద్దునకల్లా వెళ్లిపోవాలి. ఇంకో కంప్యూటర్‌లో పంపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పాస్‌వర్డు నాకు అప్పగించి, ఆ పిల్ల మరిచిపోయింది. ఈ మధ్య మనుషులు గుర్తుపెట్టుకునే పనంతా మాకే వదిలేశారు.

బియ్యంలో నాకు వేరే పని లేదు కాబట్టి గతం తలుచుకున్నాను. సముద్రం అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నన్ను మొదట ఏలుకున్నాడు. పని లేనప్పుడు ఉన్నట్టు, ఉన్నప్పుడు లేనట్టు కనిపించే విద్య ఆయన దగ్గరే చూశాను. కంపెనీ నన్ను పాతదని అమ్మేస్తే కరీంనగర్‌లో ఒక ఫొటో స్టూడియోకు చేరాను. అక్కడ నా చేత ఎంతమంది పెళ్లికొడుకులను తెల్లబరిచారో లెక్కలేదు. ఒక పెళ్లిలో అలిగి రాని పెదనాన్నను కూడా ఆల్బమ్‌లో తెచ్చి నిలబెట్టాం. బంధువులు కలిసిపోయారు. మనుషులకు నిజం కన్నా ఫొటో బాగుండాలి.

చివరికి గోదావరిఖని వచ్చాను. మాన్విత తండ్రి రాజమల్లు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. దసరాకు డంపర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, అదే చేత్తో ఇంటికొచ్చి నాకూ పెట్టాడు. ఇంజనీరు నన్ను తిట్టాడు, స్టూడియో ఆయన నా నెత్తిన టీ గ్లాసు పెట్టాడు. నన్ను పూజించింది ఈ ఇల్లే. ఆ బొట్టు ఇప్పటికీ నా మూత మూలన ఎర్రగా ఉంది.

అలాంటి ఇంట్లో యుద్ధం మొదలైంది నా తెర మీదే.

అమెరికాలో కొన్ని కాలేజీలకు అందరికన్నా ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ అలా ఒక్క కాలేజీకే మాట ఇవ్వాలి. వాళ్లు సీటిస్తే అక్కడే చేరాలి. ఆ మాట మీద అమ్మాయితో పాటు తండ్రి కూడా సంతకం చేయాలి. మాన్విత ముందు రెండు దారులున్నాయి. ఒకటి లోకమంతా పేరున్న పెద్ద యూనివర్సిటీ. రెండోది మంచు కురిసే ఊళ్లో ఎవరూ పేరు వినని చిన్న కాలేజీ. మాన్విత చిన్నదాన్ని ఎంచుకుంది. తిరుపతి అడ్డం పడ్డాడు.

తిరుపతి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి పీఆర్వో. ఇంటింటికీ తిరిగి పిల్లలను చేర్పించడం ఆయన ఉద్యోగం. ఫీజు బేరంలో ఆయనను మించినవాడు జిల్లాలో లేడు.

"ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్ల పెద్ద కాలేజి మొదలు పెడ్తమా, చిన్నది పెడ్తమా?" అని రోజూ నా ముందు కూర్చుని వాదించేవాడు. "పెద్దది పెట్టు. రాకుంటే కిందికి జారుతం, గంతే. ఇంకోటి, ఫీజు సాయం గావాలని ఇప్పుడే రాయకు. బీదోళ్లమని మనమే జెప్పుకుంటమా? ముందుగాల సీటు రానియ్. తర్వాత పోయి ప్రిన్సిపాల్ ముంగట కూసుంటే కన్సెషన్ ఎందుకియ్యడు?"

"అక్కడ ప్రిన్సిపాల్ ముంగట కూసునుడు ఉండదు మామా."

"మనిషన్నంక కుర్చుంటది, కుర్చున్నంక ముంగట కూసునుడుంటది."

రాజమల్లుకు ఇంగ్లిషు రాదు. బామ్మర్దికి సీట్ల సంగతి తెలుసన్న నమ్మకం ఉంది. నా తెర మీద పెద్ద యూనివర్సిటీ గోపురాలు చూసి, దానికైతేనే సంతకం పెడతానన్నాడు. మాన్విత ఓడిపోయింది. సాయం వద్దని టిక్కు కూడా పెట్టింది. ఆ సాయంత్రం పంపడమే తరువాయి. మధ్యాహ్నం ఒక జత చేతులు నన్ను ఎత్తుకున్నాయి. అవి వణుకుతున్నాయి. అంతవరకే నాకు తెలుసు.

ఇక వెతకడానికి చోటు మిగల్లేదు. అందరూ అలిసిపోయి కూలబడ్డారు. నేను వచ్చాక ఆ ఇంట్లో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చోవడం అదే మొదటిసారి. అంతకుముందు అందరూ నన్నే చూసేవారు.

"అది సరే గని," అంది స్వరూప, "పెద్ద దాంట్ల సీటొచ్చింది, ఫీజు తగ్గియ్యలే అనుకో. అప్పుడెట్ల?"

జవాబు తిరుపతి చెప్పాలి. ఆయన మాన్వితను చెప్పమన్నాడు.

"సాయం అడిగినంక వాళ్లిచ్చేది సరిపోకపోతే, రామని చెప్పొచ్చమ్మా," అంది మాన్విత. "అసలు అడగనే లేదంటే ఏ మొహం పెట్టుకొని చెప్తం? మాట తప్పినట్టు అయితది. ఈ ఏడు పోతది."

"మరి పెద్ద దాంట్లనే అడుగు."

"అడగొచ్చు. బయటి దేశమోళ్లు సాయం అడిగితే అక్కడ సీటు దొరుకుడే కష్టం. చిన్న దాంట్ల కూడ గ్యారంటీ లేదు. కాని ఒకసారి తీసుకున్నరంటే, మన చేతగాని ఖర్చంతా వాళ్లే పెట్టుకుంటరు. ముందుగాల అడిగేది ఒక్కర్నే కదా బాపూ. మనల్ని మోసేటోళ్లనే అడుగుదామని."

రాజమల్లు కుర్చీ కిర్రుమంటూ బిడ్డ వైపు జరిగింది.

"గిది ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు రాజమల్లు.

"నువ్వు బొమ్మలు జూసుకుంట కూసున్నవ్ బాపూ."

ఆ బొమ్మలు చూపించింది నేనే. బియ్యంలో నాకు సిగ్గేసింది.

"ల్యాప్‌టాప్ దొరికితే చిన్నదానికే సంతకం పెడ్త," అన్నాడు రాజమల్లు. తరువాత బామ్మర్దిని అడిగాడు. "ఏమంటవ్ తిరుపతీ?"

మామూలుగా ఒక మాటకు పది మాటలు చెప్పే మనిషి. "నీ బిడ్డ, నీ ఇష్టం బావా," అని ఊరుకున్నాడు. ఆ వెంటనే, "అక్కా, ఆకలైతుంది. అన్నమన్న వండు," అన్నాడు.

స్వరూప విసుక్కుంటూ వంటగదిలోకి వచ్చింది. డ్రమ్ము మూత లేచింది. బియ్యం కొలిచే సోల లోపలికి దిగి ఠంగుమని నా వీపుకు తగిలింది.

నా జన్మలో అంతటి స్వాగతం ఎరుగను. మాన్విత నన్ను గుండెకు హత్తుకుంది. కవరు అంచులోంచి దూరిన నూకలు నా మీటల సందుల్లో చిక్కుకుంటే రాజమల్లు అగ్గిపుల్లతో ఒక్కొక్కటే తీశాడు. చిన్న కాలేజీ పేరు పెట్టారు. సాయం కావాలన్న చోట టిక్కు మార్చారు. తండ్రీ బిడ్డా సంతకాలు చేశారు. అన్నం ఉడికేలోపు దరఖాస్తు వెళ్లిపోయింది.

దొంగ ఎవరన్నది మాత్రం తేలలేదు. స్వరూప మొగుణ్ని అనుమానించింది. రాజమల్లు పెళ్లాన్ని అనుమానించాడు. ఇద్దరూ కలిసి మాన్వితను అనుమానించారు. ఎవరూ గట్టిగా అడగలేదు. దొంగతనం వల్ల మేలు జరిగితే మనుషులు పోలీసు స్టేషన్ దారి మరిచిపోతారు.

డిసెంబరులో జవాబు నా తెర మీదే వచ్చింది. సీటిచ్చారు. ఖర్చు వాళ్లదే. రాజమల్లుకు ఏం చేయాలో తోచక నాకు మళ్లీ బొట్టు పెట్టాడు.

ఆ తరువాత తిరుపతి పనిచేసే కాలేజీ వాళ్లు ఊరంతా మాన్విత ఫ్లెక్సీలు కట్టారు. ఆ పిల్ల వాళ్ల దగ్గర ఒక్క రోజు కూడా చదవలేదు. అయినా సన్మానం పెట్టారు. నన్నూ తీసుకెళ్లి, ఫొటోలు చూపించడానికి స్టేజీ పక్కన బల్ల మీద నిలబెట్టారు. నా బ్యాటరీ చచ్చిపోయి చాలా కాలమైంది. వైరు పీకితే తెర ఆరిపోతుంది. ఆ వేళ మాత్రం నేను కొత్తదాన్నైనట్టు అనిపించింది. శాలువాలు పట్టుకుని తిరుపతి అటూ ఇటూ తిరుగుతున్నాడు.

మాన్విత మైకు అందుకుంది. అమ్మకు, బాపుకు, చదువు చెప్పిన సార్లకు దండం పెట్టింది.

"ఇంకొకరున్నరు," అంది. "అప్లికేషన్ పంపే రోజు నా ల్యాప్‌టాప్ దాచిన దొంగ. ఆ రోజు శాపాలు పెట్టిన. ఇయ్యాల దండం పెడ్తున్న."

జనం నవ్వారు. తిరుపతి నవ్వలేదు. "బిడ్డా, టైమైతున్నది, ముగించు," అన్నాడు మెల్లగా.

"మొన్న చలికోట్ల గురించి అడుగుదామని అమెరికాల ఉన్న మన ఊరి సీనియర్ ఒకాయనకు ఫోన్ చేసిన. ఆయన చెప్పిండు. దొంగ ముందురోజు ఆయనకే ఫోన్ చేసి ఫీజుల సంగతంతా అడిగిండట. తను చెప్పింది తప్పని దొంగకు అప్పుడు సమజయింది. కాని 'నేను తప్పు జెప్పిన' అనే మాట ఆయన నోట్లెకెళ్లి ఈ జన్మల రాదు. అందుకని ల్యాప్‌టాప్ తీస్కపోయి బియ్యంల పెట్టిండు. అమ్మ అన్నం వండేదాక మేమందరం కూసొని మాట్లాడుకోవాల్నని. అన్నం వండేటప్పుడు అదే దొరుకుతదని."

ముందు వరుసలో స్వరూప లేచి నిలబడింది. రాజమల్లు నోరు తెరిచి బామ్మర్ది వైపు చూశాడు. తిరుపతి చేతుల్లో శాలువాలు వణుకుతున్నాయి. ఆ వణుకు నాకు తెలుసు. నాకే చేతులుంటే ఆ చేతులకు నేనే ముందు దండం పెట్టేదాన్ని.

"ఎవరమ్మా ఆ దొంగ?" అని అడిగాడు ప్రిన్సిపాల్, తిరుపతి పక్కనే నిలబడి.

మాన్విత మైకును దగ్గరకు తీసుకుంది.

"మా తిరుపతి మామ."